పుట్ట చెప్పిన పేరు

తొలకరి గడచి, ముసురు పట్టి, రెండు మూడు దినములు ఎడతెగక కురిసిన వాన వెలిసిన యొకానొక ఉదయమున, పొలముగట్టు వెంట నడచిపోవు బాటసారి, నిన్నటి సాయంకాలము వట్టి తడినేలయై యుండిన పుట్టచెంత, ఎవరో గంపెడు మల్లెమొగ్గలు కుమ్మరించి పోయిరా యన్నట్లు, వందలకొలది తెల్లని చిన్న గొడుగులు నిలిచి యుండుట చూచి ఆగిపోవును. ఒక్కొక్క గొడుగు చిటికెనవ్రేలి గోరంత మొదలు రూపాయి బిళ్లంత వరకు మాత్రమే యుండును. కాడ అగ్గిపుల్లకంటె రవంత లావు. ఎండ కాయగానే అవి వాడిపోవును. మూడవ నాటికి వాని జాడయైన మిగులదు.

ఆ గొడుగులను ఒడినిండ కోసికొని వచ్చిన పిల్లను ఒక యింట "పుట్టకొక్కులే, కూరకు బాగుంటాయి" అని మెచ్చుకొందురు. పక్కయింట "కుక్కగొడుగులు, పారేసి చేతులు కడుక్కో" అని కసరుదురు. రెండిండ్లవారును చూచినది తెల్లని చిన్న గొడుగునే. కాని గట్లును గుట్టలును తిరిగి తలపండిన ముసలమ్మ వచ్చినచో, రంగును గాని రూపమును గాని పరికింపకమునుపే, "ఎక్కడ కోశావే? పుట్ట కాడా, పెంటదిబ్బ మీదా?" అని అడుగును. ఈ చిన్న గొడుగునకు శాస్త్రలోకమున మొదటి పేరు పెట్టినది 1871లో. దాని వంశము నిస్సంశయముగ తేలినది 2003లో. నూటముప్పది సంవత్సరములకు పైబడిన ఆ విచారణ తుదకు చేరుకొన్న చోటు, ముసలమ్మ ప్రశ్న మొదలైన చోటే.

పుట్టగొడుగు అను మన మాటనే విడదీసి చూతము. సంస్కృతమున దీనిని ఛత్రాకమందురు. ఆ మాట ఆకారమును మాత్రమే చెప్పును. తెలుగుమాట ఆకారముతో పాటు తావును కూడ చెప్పును. నేడు మనము ఆ మాటను కొయ్యపై మొలచినదానికి, పేడపై మొలచినదానికి, అంగడిలో పొట్లము కట్టి యమ్ముదానికి సైతము వాడుచున్నాము. ఐనను ఆ మాటను తొలుత పలికినవారి కన్నుల యెదుట నుండినది పుట్టను ఆశ్రయించి మొలచిన గొడుగే యని తలచుట తప్పు కాదు.

పండును చూచి చెట్టును ఊహించుట

పుట్టగొడుగు ఒక సమగ్రమైన జీవి కాదు. అది యొక జీవి యొక్క ఫలము. మామిడిచెట్టు మొదలు, కొమ్మలు, ఆకులు సమస్తమును భూమిలో దాగియుండి, ఏటికొకమారు పండ్లు మాత్రము నేలను చీల్చుకొని పైకి వచ్చునని ఊహించుకొన్నచో, శిలీంధ్రముల జీవితము మనకు కొంతవరకు బోధపడును. అసలు జీవి, సాలెదారము కంటె సన్నని తంతువులుగ, నేలలోనో కుళ్లిన కొయ్యలోనో ఆకుపెంటలోనో అల్లుకొని, ఏడాది పొడవున కంటబడక బ్రతుకుచుండును. మనము చూచునది దాని సంతానకార్యమునకై రెండు మూడు దినములు లేచి నిలిచిన అవయవము మాత్రమే.

అది రాత్రికి రాత్రి పుట్టుచున్నదనుట కూడ పూర్తిగా నిజము కాదు. గొడుగు, కాడ, అడుగునుండు రేకులు, అన్నియు చిన్న మొగ్గలోనే ముందుగా ఏర్పడియుండును. చాలినంత తేమ దొరకినప్పుడు, నానబెట్టిన శనగగింజ ఉబ్బినట్లు, ఆ మొగ్గలోని కణములు నీటిని పీల్చి సాగును. పెరుగుదల యంతయు అంతకు మునుపే చాటున జరిగినది. రాత్రి జరిగినది విచ్చుకొనుట మాత్రమే.

మరి తెల్లని చిన్న గొడుగును గుర్తించుట ఏల కష్టము? గబ్బిలమునకును కాకికిని రెక్కలున్నవి; ఐనను అవి చుట్టములు కావు. గాలిలో ఎగురవలసిన అవసరము ఇరువురకును రెక్కలను సమకూర్చినది. అట్లే వానకు తడియకుండ తన బీజములను కాపాడుకొని, నేలకు కొంచెము ఎత్తుగ నిలిచి, వానిని గాలికి అప్పగింపవలసిన అవసరము శిలీంధ్రములలో పరస్పర సంబంధము లేని పెక్కు వంశములకు గొడుగు ఆకారమును ఇచ్చినది. ఇక తెలుపందుమా, అది యొక రంగును సంపాదించుకొనుట కాదు, రంగు లేకపోవుట. అది ఏ వంశమునకైన సంభవింపవచ్చును. కావున 'చిన్నది, తెల్లనిది' అని చెప్పుట, సంతలో తప్పిపోయిన మనుష్యుని గూర్చి 'తెల్లచొక్కా తొడిగినాడు' అని చెప్పుటవంటిది.

నాలుగు చోట్ల చూడవలెను

శిలీంధ్రశాస్త్రజ్ఞుడు ఇట్టి గొడుగును చేతబట్టినప్పుడు చూపును నాలుగు చోట్ల నిలుపును.

మొదటిది గొడుగు పైభాగము. మన పుట్టచెంతనున్న గొడుగునకు నడినెత్తిన చిన్న మొనవంటి బొడిపె యుండును. అచ్చట కొంచెము బూడిదవన్నెయో పాలమీగడవన్నెయో కనబడును. అంచు ముదిరినకొలది నిలువున చీలును. పైన పొలుసులు గాని, చిదిపిన దూదివంటి పెచ్చులు గాని యుండవు. ఈ బొడిపె అలంకారము కాదు. ఈ వంశమున చాలమంది పుట్ట గర్భమునుండి గట్టిమట్టిని తొలుచుకొని రావలసినవారు. గడ్డపార మొనవలె ఆ బొడిపె దారి చేయును. మన చిన్నదానికి అంత శ్రమ లేకున్నను వంశచిహ్నము నిలిచియున్నది.

రెండవది అడుగుభాగము. గొడుగును బోర్ల తిప్పినచో పుస్తకపు పుటలవలె పలుచని రేకులు కనబడును. అవి కాడను అంటుకొనియున్నవా, కాడకు దాపున ఆగిపోయినవా యనునది ముఖ్యమైన గుర్తు. ఇందు రేకులు కాడను తాకవు. లేతగ నున్నప్పుడు తెల్లగ నుండి, బీజములు పండినకొలది లేత గులాబివన్నెకు తిరుగును. ఈ బీజములను మన వృక్షశాస్త్ర గ్రంథములు సిద్ధబీజములనుచున్నవి. మిల్లీమీటరు పొడవు నిండుటకు వానిని సుమారు 140 వరుసగ పేర్చవలసియుండును.

మూడవది కాడ. కాడ నడుమ ఉంగరమువంటి వలయము లేదు. మొదట సంచివంటి తొడుగు లేదు. ఈ రెండు 'లేదు'లును ప్రాణమంత విలువగలవి. ఏలయన ఆ సంచియు ఆ వలయమును ప్రపంచమున మిక్కిలి ప్రమాదకరములైన అమానిటా జాతులు కొన్నిటికి గుర్తులు. గొడుగును కాడ నడుమకు త్రుంచి తెచ్చినవారు ఆ సంచిని నేలలోనే విడిచివచ్చుచున్నారు. కావున పరీక్షకై తీయువారు కత్తిమొనతో మొదలంట పెకలించి తీయుదురు.

నాలుగవది కాడ క్రింది నేల. ఇచ్చటనే మన గొడుగు తన రహస్యమును వెల్లడించును. మెల్లగ మట్టిని తొలగించి చూచినచో, కాడ మొదలు వట్టిమట్టిలో గాక, ముదురువన్నెగల మెత్తని చిన్న తునకలను అంటుకొని యుండుట కనబడును. అవి మట్టిబెడ్డలు కావు, కుళ్లిన ఆకులు కావు. అవి ఏమో తెలియవలెనన్నచో పుట్టలోనికి దిగవలసినదే.

> బీజముల అచ్చు తీయు విధము
>
> ఒక్క బీజము కంటికి కనబడదు. లక్షలు పేరుకొన్నప్పుడు వాని రంగు తెలియును. విచ్చుకొన్న గొడుగును కాడనుండి వేరుచేసి, సగము తెల్లగను సగము నల్లగను ఉన్న కాగితముపై రేకులు క్రిందికి వచ్చునట్లు ఉంచి, గాలి తగులకుండ గిన్నె బోర్లించి, రాత్రియంతయు కదల్పక యుండవలెను. తెల్లవారి గిన్నె యెత్తినచో, ముగ్గు పెట్టినట్లు, రేకుల వరుస బీజముల పొడితో కాగితముపై అచ్చుపడియుండును. తెల్లని బీజములు నల్లని సగముపైనను, రంగుగలవి తెల్లని సగముపైనను స్పష్టమగును. గొడుగు తెల్లనిదైనంత మాత్రమున అచ్చు తెల్లగ నుండవలెనన్న నియమము లేదు. మన గొడుగు అచ్చు లేత గులాబివన్నె.

పుట్టలోని సేద్యము

చెదలకు కొయ్య ఆహారమని అందరమును ఎరుగుదుము. కాని కొయ్యను అరిగించుకొనుట సామాన్యము కాదు. అందలి పీచుపదార్థమును లిగ్నిన్ అను గట్టి పదార్థము, ఇటుకలను సున్నము పట్టియుంచినట్లు, బిగించి పట్టియుంచును. దానిని విడదీయగల శక్తి జంతువుల కడుపులలో చాల అరుదు. శిలీంధ్రములలో కొన్నిటికి మాత్రము అది నిత్యకృత్యము. ఆఫ్రికా, ఆసియా ఖండములలోని సుమారు 330 జాతుల చెదలు ఈ పనిని తమ కడుపులతో కాక, పుట్టలో పెంచుకొన్న శిలీంధ్రముచేత చేయించుకొనుచున్నవి.

ఆ సేద్యము జరుగు తీరు మిక్కిలి ఆశ్చర్యకరము. పని చెదలు ఎండుపుల్లలను, రాలిన ఆకులను, గడ్డిని కొరికి మ్రింగి పుట్టలోనికి చేర్చును. ఆ మేత వాని కడుపులలో నిలువక త్వరగా దాటిపోవును. అట్లు సగము నలిగి వెడలిన ముద్దలను అవి ఒకదానిపై నొకటి పేర్చి, తేనెపట్టువలె ముడుతలును తొళ్లును గల పట్టు నొకటి కట్టును. మేతతో పాటు మ్రింగిన సిద్ధబీజములు ఆ ముద్దలలో కలిసియుండుటచేత, నారు పోసినట్లు, శిలీంధ్రము అందు మొలకెత్తి తంతువులను అల్లి లిగ్నిన్‌ను విడదీయ నారంభించును. కొన్నాళ్లకు పట్టుపై ఆవగింజలవంటి తెల్లని బుడిపెలు లేచును. పడుచు చెదలు వానిని తినును. అవి తినుటలోనే విత్తుట కూడ జరిగిపోవుచున్నది. బుడిపెలలోని బీజములు వాని కడుపుమీదుగా క్రొత్త ముద్దలలోనికి చేరును. పట్టు పైయంచున క్రొత్త మేత పడుచుండగా, క్రిందియంచున పండి మెత్తబడిన పాతపట్టును ముదుసలి చెదలు తినుచుండును. ఒక వైపు నాట్లు, ఒక వైపు కోతలు. ఏడాది పొడవున ఆగని వ్యవసాయము.

ఈ శిలీంధ్రపు పేరు టెర్మిటోమైసీస్. అనగా చెదల శిలీంధ్రము. వెచ్చదనము, తేమ, అన్యశిలీంధ్రములను చేరనీయని చెదల కావలి, ఈ మూడును దానికి ఆ యింటనే దొరకును. చెదలు విడిచిపోయిన పుట్టలో కొద్ది దినములకే వేరొక శిలీంధ్రము, పంటచేలలో కలుపువలె, పట్టునంతను కమ్ముకొనును. టెర్మిటోమైసీస్ లేక ఆ చెదలు బ్రతుకలేవు. ఆ చెదలు లేక టెర్మిటోమైసీస్ ప్రకృతిలో ఎచ్చటను కనబడలేదు. జన్యువుల సాక్ష్యమునుబట్టి ఈ సహవాసము ఆఫ్రికాలో సుమారు మూడు కోట్ల సంవత్సరముల క్రిందట ఆరంభమైనది. టాంజానియా దేశపు రుక్వా లోయలో రెండున్నర కోట్ల యేండ్లనాటి శిలయై మారిన పట్లు దొరకినవి. మానవుడు సేద్యము మొదలిడి పదివేల యేండ్ల చిల్లర మాత్రమే యైనది.

ఇపుడు ఉసుళ్లను స్మరింపవలెను. తొలివానలకు సంధ్యవేళ దీపములచుట్టు మూగు ఆ రెక్కల పురుగులు క్రొత్త పుట్టలకు కాబోవు రాజులును రాణులును. జంటగూడి, రెక్కలు రాల్చి, నేలలో దూరి, తమ ఒంటిలోని నిలువతోడనే తొలిసంతానమును పెంచును. చాల జాతులలో ఆ జంట తన వెంట శిలీంధ్రమును తెచ్చుకొనదు. మరి విత్తనమెట్లు? తొలితరము పని చెదలు ఎదిగి మేతకై మొదటిసారి నేలపైకి వచ్చు వేళకు, పాతపుట్టల గొడుగులు విచ్చుకొని ఆకులమీదను గడ్డిమీదను బీజములను రాల్చియుండును. మేతతో పాటు విత్తనమును ఇల్లు చేరును. ఉసుళ్ల రాకకును గొడుగుల రాకకును నడుమ నుండు ఎడము, ఒక తరము పిల్లలు పనికి ఎదిగివచ్చు ఎడము.

టెర్మిటోమైసీస్‌లలో పెక్కుజాతుల కాడలు పుట్టగర్భమందలి పట్టునుండి బయలుదేరి, వేరువలె పొడుగైన తోకతో మట్టిని దాటి, నేలపై గొడుగు విప్పును. మన చిన్నగొడుగు మార్గము వేరు. వానలు నిండిన దినములలో పని చెదలు పాతపట్టును తునకలు తునకలుగ మోసికొనివచ్చి పుట్టచుట్టును నేలపై పరచును. ఆ తునకలనుండి వందలకొలది గొడుగులు ఒక్కమారు మొలచును. అందుచేతనే దీనికి వేరుతోక లేదు. అందుచేతనే ఇది గుంపుగ, చల్లినట్లు కనబడును. అందుచేతనే కాడ క్రింద ఆ ముదురువన్నె తునకలు దొరకును. చూపునకు తోచిన ఒక్కొక్క గుర్తునకును పుట్టలో ఒక్కొక్క కారణమున్నది.

ఇంటిపేర్లు మారిన కథ

శాస్త్రనామము కట్టు పద్ధతి తెలుగువారికి వివరింపనక్కరలేదు. మనవలెనే అందును ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. ఇంటిపేరు ప్రజాతిని, సొంతపేరు జాతిని తెలుపును. మన గొడుగు సొంతపేరు మైక్రోకార్పస్. చిన్న ఫలముగలదని యర్థము. ఆ సొంతపేరు నాటినుండి నేటివరకు మారలేదు. ఇంటిపేరు మాత్రము మాటిమాటికి మారినది.

చెదపుట్టలలోని శిలీంధ్రపు తోటను మొదట వర్ణించిన శాస్త్రజ్ఞులలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకడు. లిన్నేయసు శిష్యుడై, డేనులకు చెందిన తరంగంబాడికి వైద్యుడుగ వచ్చి, దక్షిణదేశపు చెదలను త్రవ్వి చూచి 1779లో తన పరిశీలనను ప్రకటించెను. ఆ మహనీయుడు 1785లో మన కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. చివరి దినములలో వృక్షశాస్త్రజ్ఞుడైన విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు పరిచర్య చేసెను. ఐనను ఆ తోటకును నేలపై లేచు గొడుగునకును గల సంబంధము స్థిరపడుటకు చాలకాలము పట్టినది.

స్వీడను దేశీయుడైన ఎలియాస్ ఫ్రీస్ 1821 మొదలు 1832 వరకు ప్రకటించిన మహాగ్రంథమున రేకులుగల పుట్టగొడుగులను బీజముల రంగునుబట్టి విభజించెను. అది సులభమును ఉపయుక్తమును అగుటచేత శతాబ్దికి పైగా నిలిచినది. సింహళమునుండి వచ్చిన ఎండు నమూనాలను పరిశీలించిన బెర్క్లీ, బ్రూమ్ అను ఆంగ్లేయ పండితులు 1871లో మన గొడుగునకు అగారికస్ మైక్రోకార్పస్ అని పేరిడిరి. ఆ దినములలో అగారికస్ అనునది రేకులుగల గొడుగులకెల్ల వేసిన ఉమ్మడి పందిరివంటి పేరు. సింహళమునందు పెరదేనియలో టామ్ పెచ్ అను శిలీంధ్రశాస్త్రజ్ఞుడు పుట్టలను త్రవ్వి, పట్లనుండి గొడుగులు లేచు క్రమమును 1906లో విపులముగ వర్ణించెను. తుదకు 1942లో, జర్మనుల ఆక్రమణలోనున్న పారిసునగరమున, రోజర్ హైమ్ పుట్టల గొడుగులనన్నిటిని ఒక కప్పు క్రిందికి చేర్చి టెర్మిటోమైసీస్ అను ఇంటిపేరు కల్పించెను. గొడుగు ఎట్లున్నదని గాక ఎవరితో బ్రతుకుచున్నదని అడిగి పెట్టిన పేరు అది.

కాని చిన్నదాని కథ అచ్చట ముగియలేదు. వేరుతోక లేకపోవుటచేత హైమ్ దానిని ఆ యింటనే వేరుగదిలో ఉంచెను. 1945లో రోల్ఫ్ సింగర్ దానికి ఇల్లే వేరని పొడాబ్రెల్లా అను క్రొత్త ప్రజాతిని కల్పించెను. ఒకే గుర్తును ఒకరు అలవాటులోని భేదమనియు, వేరొకరు వంశములోని భేదమనియు తలచిరి. ఇట్టి వివాదమును కంటిచూపు తీర్పలేదు.

పాఠభేదములు చెప్పిన తీర్పు

ఒక కావ్యమునకు తాళపత్ర ప్రతులు పది దొరకినచో, వానిలో ఏది దేనినుండి వ్రాయబడినదో పరిష్కర్త ఎట్లు కనుగొనును? లేఖకుల తప్పులనుబట్టి. ఒక ప్రతిలో దొరలిన పొరపాటు దానిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలో నుండును. ఒకే చోట ఒకే పొరపాటు గల ప్రతులు ఒకే తల్లిప్రతి బిడ్డలు. జీవకణములలోని జన్యుపదార్థము కూడ తరతరములుగా ప్రతి తీయబడుచున్న గ్రంథమే. అందును అక్కడక్కడ అక్షరములు మారుచుండును. ఆ మార్పులు సంతతికి సంక్రమించును. వానిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినచో వంశవృక్షము తేలును.

2003లో ప్రకటితమైన అట్టి పోలికలో పుట్టల గొడుగులన్నియు ఒకే తల్లి బిడ్డలనియు, మైక్రోకార్పస్ వారి నడుమ ఉన్నదే గాని వెలుపల లేదనియు రుజువైనది. వేరుతోక లేకుండుట వంశభేదము కాదు. పట్టుతునకలు నేలపైకి వచ్చినందున తోక అక్కరలేక పోయినది. ఆ వంశమంతయు లయోఫిల్లేసి కుటుంబమునకు చెందినదని కూడ తేలినది. ఆ కుటుంబమున చాలమంది బీజములు తెల్లనివి. గులాబివన్నెను మాత్రమే నమ్మినవారు ఈ చుట్టరికమును ఊహింపజాలకపోయిరి. రేకులు గుర్తుపట్టుటకు ఉపకరించును. వంశము నిర్ణయించుటకు రేకులొక్కటియే చాలవు.

ఇంకొక వింత. జాంబియా దేశమున టెర్మిటోమైసీస్ టైటానికస్ అను జాతి గొడుగు మీటరు వెడల్పు వరకు విచ్చుకొనును. దానిని 1980లో శాస్త్రజ్ఞులు వర్ణించిరి. రూపాయి బిళ్లంత గొడుగును, ఒక మనిషి తల దాచుకొనదగిన గొడుగును తోబుట్టువులు. పుట్టచెంత మల్లెమొగ్గలవలె నిలిచినదానికి, పక్కనే చెట్టుమొద్దుపై అదే పరిమాణమున మొలచిన మరియొక తెల్లని గొడుగు ఎంతమాత్రము బంధువు కాదు. సముద్రములకావల నున్న ఆ మహాకాయుడు బంధువు. 2012లో శిలీంధ్రముల జన్యుపదార్థమునందలి ఒక చిన్నభాగమును, సరకులపై గీతల గుర్తువలె, జాతులను పోల్చుకొను సామాన్య చిహ్నముగ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. నాటినుండి చిన్నతునక దొరకినను పేరు వెదకుట సులభమైనది.

> తెల్లని మారువేషములు
>
> *చెట్టుమొద్దుల గుంపు:* కాప్రినెల్లస్ డిసెమినేటస్ అనునది కూడ వందలుగ మొలచును. కాని కుళ్లిన మొద్దుల చెంత. గొడుగుపై కుచ్చెళ్లవంటి గీతలుండును, రేకులు ముదిరి నల్లబారును, అచ్చు నల్లనిది.
>
> *పచ్చిక గొడుగు:* క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ లేతగ తెల్లగ నుండి, పెరిగి పెద్దదగును. ముదిరిన రేకులును అచ్చును ఆకుపచ్చని ఛాయ. తిన్నవారికి కొద్ది గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు.
>
> *చిన్న లెపియోటాలు, తెల్ల అమానిటాలు:* వీనిలో కొన్నిటియందలి అమటాక్సిన్ అను విషము వండినను పోదు, ఎండబెట్టినను పోదు. తిన్న ఆరు మొదలు ఇరువది నాలుగు గంటల వరకు ఏ బాధయు తెలియదు. పిమ్మట వాంతులు విరేచనములు పట్టి, ఒకింత నెమ్మదించినట్లు తోచి, లోలోపల కాలేయము చెడును.
>
> వెండి నల్లబడుననియు, పురుగు తిన్నది మనమును తినవచ్చుననియు చెప్పు పరీక్షలలో ఒక్కటియు నమ్మదగినది కాదు. తిన్న పిమ్మట సంశయము కలిగినచో బాధ మొదలగువరకు వేచియుండక, మిగిలిన గొడుగును వెంట గొని, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పేరు తెలిసినందువలన ఏమి?

మొదటి ఫలము ప్రాణరక్షణము. ఒక్క గుర్తును నమ్మినవాడు మోసపోవును. పుట్టచెంత మొలచినదెల్ల పుట్టబిడ్డ కాదు. పుట్టమట్టిలో వేరొక శిలీంధ్రపు బీజము పడి మొలచుటకు అడ్డేమియు లేదు. పైనుండు బొడిపె, తాకని రేకులు, గులాబి అచ్చు, వలయమును సంచియు లేని కాడ, దాని క్రింది పట్టుతునకలు, ఇవన్నియు ఒకే మాట చెప్పినప్పుడు మాత్రమే పేరు నిశ్చయము. ఈ వ్యాసమును చదివినంత మాత్రమున కూరకు ఏరుకొనవచ్చునని ఎవ్వరును తలపరాదని నా మనవి. పుస్తకము కన్నులకు దారి చూపును గాని, ఏండ్ల తరబడి ఎరిగినవారి చేతికి సాటి రాదు.

రెండవ ఫలము పుట్ట విలువ తెలియుట. వరిగడ్డిపై పెంచు పుట్టగొడుగులవలె ఈ జాతిని పంటగ తీయుట ఇంకను సాధ్యము కాలేదు. దానిని సేద్యము చేయు నేర్పు చెదలకే తెలియును. పుట్టను చదును చేసి మందు చల్లిన పొలమున మరునటి శ్రావణమున గొడుగులుండవు. చెదలు తలుపును, దూలమును తినునప్పుడు మనకు శత్రువులే. కాని రాలిన ఆకును, ఎండుగడ్డిని అరిగించి నేలకు సారముగ తిరిగియిచ్చువారును, మట్టిని తొలిచి వాననీటికి దారి చేయువారును వారే. నాగుల చవితినాడు పుట్టకు పాలు పోసి మ్రొక్కు మన పెద్దలకు లోపలి తోట సంగతి తెలియకపోవచ్చును. ఆ మట్టిదిబ్బను అలుసుగ చూడరాదని మాత్రము వారెరుగుదురు.

మూడవది నాకు అన్నిటికంటె ప్రియమైనది. జీవిని దాని తావునుండి వేరుచేసి, ఎండబెట్టి, కాగితములో చుట్టి, సముద్రములు దాటించి బల్లపై పెట్టినప్పుడు, మహాపండితులు సైతము దాని ఆకారమును మాత్రమే చూడగలిగిరి. పుట్టచెంతకు నడచి, మోకరిల్లి, మట్టిని తొలగించి చూచినవారికి మాత్రమే అది చెదలకు ఆహారమై, చెదలచేత విత్తబడి, చెదలకే విత్తనమగు తీరు బోధపడినది. ఆ పిమ్మటనే దానికి నిలుకడగల ఇంటిపేరు లభించినది.

ఈ యేడు ముసురు వెలిసిన ఉదయమున మీ పిల్లలు తెల్లని గొడుగొకటి చేతబట్టుకొని వచ్చినచో, కసరి పారవేయింపకుడు, తినను తిననీయకుడు. చేతులు కడిగించి, కాగితముపై గొడుగును బోర్లించి, గిన్నె మూయించి, తెల్లవారువరకు ఆగుడని చెప్పుడు. ఆలోగా ముసలమ్మ అడిగిన ప్రశ్ననే వారినడిగి, వారి వెంట ఆ పుట్టవరకు నడచి రండు.